జానమాజు చోటున పసివాడి మంచం

బిడ్డ పుట్టబోతున్నదని తెలిసిన ఇంట్లో మొదట వినిపించేది పేరు గురించిన ముచ్చట. ఏ పేరు బాగుంటుంది, దాని అర్థమేమిటి, ఏ సహాబీ పేరు పెట్టాలి అని బంధువులు తలా ఒక మాట చెబుతారు. ఆ తర్వాత ఆసుపత్రి ఖర్చు, అఖీఖా, విందు, బట్టలు. ఆ బిడ్డ రాత్రిపూట ఎక్కడ పడుకోవాలన్న ప్రశ్న మాత్రం ఎవరికీ తోచదు. తల్లి పక్కలో పడుకుంటుంది, ఇంకెక్కడ పడుకుంటుంది అన్నదే అందరి భావం. ఆ ప్రశ్నను మేము ఏడో నెలలోనే వేసుకున్నాము. దానికి జవాబు వెతుకుతూ పోతే అది ఒక మంచానికి, ఒక మూలకు సంబంధించిన విషయం మాత్రమే కాదనీ, ఇంట్లో ఉన్న ప్రతి మనిషి హక్కుకూ సంబంధించినదనీ తెలిసివచ్చింది.

మాది గుంటూరు పాత ఊరిలో ఒక అద్దె వాటా. ఒక హాలు, ఒక పడక గది, వంటిల్లు. ఇంట్లో మేము భార్యాభర్తలం, పిల్లల నానమ్మ, అయిదేళ్ళ పెద్దమ్మాయి. పడక గది పొడవు పన్నెండు అడుగులు, వెడల్పు పది. అందులో ఒక పెద్ద మంచం, ఇనుప బీరువా, కుట్టుమిషను, బట్టల స్టాండు. ఇవి పోగా మిగిలిన ఖాళీ ఒక్కటే. కిటికీకి కాస్త ఎడంగా, పడమటి గోడ పక్కన, జానమాజు పరచుకునే చోటు. గోడకు ఆనుకొని పక్కింటి మేడ ఉండడం వల్ల సాయంత్రపు ఎండ ఆ గోడ మీద పడదు. గాలి తగులుతుంది. గదిలో అంతకంటే చల్లని, ప్రశాంతమైన చోటు మరొకటి లేదు. మాలో ఇల్లాలు ఆరేళ్ళుగా అయిదు పూటలా నమాజు చేసుకుంటున్న చోటు అది.

చిన్న పిల్లల మంచం కొలత చూస్తే పొడవు మూడున్నర అడుగులు, వెడల్పు రెండు అడుగులు. జానమాజు కొలతా ఇంచుమించు అంతే. ఆ రెండింటిలో ఒకదానికే అక్కడ చోటున్నది.

నానమ్మ అడిగిన ప్రశ్న

"నమాజు చోటు తీసేసి మంచం వేస్తారా? బిడ్డకు తల్లి పక్క లేదా ఏమిటి?" అని నానమ్మ అడిగారు. ఆమె మాటలో కోపం లేదు, బాధ ఉన్నది. ఆమె నలుగురు పిల్లలను తన పక్కలోనే పెంచారు. పక్కలో బిడ్డ కదిలితే తల్లికి మెలకువ రాకుండా ఉంటుందా అన్నది ఆమె నమ్మకం. నమాజు చోటు విషయంలో ఆమె పట్టుదల ఇంకా లోతైనది. ఇంట్లో ఒక మూల అల్లాహ్ స్మరణకు ప్రత్యేకంగా ఉండాలని, ఆ మూల ఉన్నంతకాలం ఇంటికి శుభమని ఆమె భావన.

పెద్దల మాటను కొట్టివేయడం మా ఉద్దేశం కాదు. ఆమె చెప్పిన రెండు మాటలకూ వేర్వేరుగా జవాబు వెతికాము.

మొదటిది నమాజు గురించి. భూమి అంతా తన సముదాయానికి నమాజు స్థలంగా చేయబడిందని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) తెలియజేశారు. ఇక ప్రసవం తర్వాత నిఫాస్ రోజుల్లో తల్లికి నమాజు నుండి ధర్మమే సెలవు ఇచ్చింది. ఆ రోజుల్లో ఆ మూల ఎలాగూ ఖాళీగానే ఉంటుంది. ఆ తర్వాత మాటేమిటన్నప్పుడు మాకు గుర్తుకు వచ్చినది హజ్రత్ ఆయిషా (రజి) తెలిపిన ఒక విషయం. దైవప్రవక్త (స) రాత్రి నమాజు చేస్తుండగా ఆమె ఆయన ఎదుట పడుకుని ఉండేవారు. సజ్దా చేయవలసి వచ్చినప్పుడు ఆయన ఆమె కాళ్ళను తాకేవారు, ఆమె కాళ్ళు ముడుచుకునేవారు, ఆయన లేవగానే మళ్ళీ చాపుకునేవారు. ఆ రోజుల్లో ఇళ్ళలో దీపాలు ఉండేవి కావని కూడా ఆమె చెప్పారు. మస్జిదె నబవీ పక్కన ఉన్న ఆ గది అంత చిన్నది. ఆరాధనకు, నిద్రకు, సంసారానికి అదే గది. ఆయన తన ఆరాధన కోసం ఆమెను లేచి వెళ్ళమనలేదు. ఆమె తన నిద్ర కోసం ఆయన నమాజును ఆపలేదు. కొంచెం ముడుచుకోవడం, కొంచెం చాపుకోవడం, అంతే. ఇరుకు గదిలో ఎలా బతకాలో తెలుసుకోవడానికి ఇంతకంటే గొప్ప పాఠం మాకు కనిపించలేదు.

ఈ మాట చెప్పినప్పుడు నానమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "సరే, జానమాజు మంచానికీ మంచానికీ మధ్య పరుచుకోవచ్చులే" అన్నారు. మా ఇంటి కొలతలన్నీ ఆ ఒక్క మాటతో కుదిరిపోయాయి.

పక్కలో కాదు, పక్కన

రెండవది తల్లి పక్క గురించి. దీనికి జవాబు వైద్యుల దగ్గర ఉన్నది. పసిబిడ్డ తల్లిదండ్రుల గదిలోనే ఉండాలి, కాని వారి పడక మీద కాకుండా వేరే పడక మీద పడుకోవాలి అన్నది అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2022లో మరోసారి స్పష్టం చేసిన సలహా. కనీసం మొదటి ఆరు నెలలు ఈ ఏర్పాటు ఉండాలని వారంటారు. బిడ్డను ఎప్పుడూ వెల్లకిలా పడుకోబెట్టాలి. పరుపు గట్టిగా, సమతలంగా ఉండాలి. దిండ్లు, మెత్తని బొంతలు, బొమ్మలు పక్కలో ఉండకూడదు. బిడ్డలను వెల్లకిలా పడుకోబెట్టండని 1994లో ఆ దేశంలో పెద్ద ప్రచారం మొదలైంది. ఏ కారణమూ తెలియకుండా నిద్రలోనే ప్రాణం పోయే పసిపిల్లల సంఖ్య ఆ దశాబ్దంలోనే సుమారు సగానికి తగ్గింది. మందు లేదు, యంత్రం లేదు. పడుకోబెట్టే తీరు మారింది, అంతే.

పెద్దల పడక బిడ్డ కోసం తయారైనది కాదు. మెత్తని పరుపు గుంట పడుతుంది. దుప్పటి ముఖం మీదికి జారుతుంది. మంచానికీ గోడకూ మధ్య సందు ఉంటుంది. రెండు మూడు గంటలకొకసారి లేచి పాలిచ్చే తల్లికి వచ్చే నిద్ర మామూలు నిద్ర కాదు. నానమ్మ కాలంలో కాన్పు అయిన స్త్రీకి నలభై రోజులు విశ్రాంతి ఉండేది, నేల మీద గట్టి చాప ఉండేది, చుట్టూ నలుగురు ఆడవాళ్ళు ఉండేవారు. ఆ చాప ఇప్పుడు లేదు, ఆ నలుగురూ లేరు. ఈ మాటను నానమ్మే ఒప్పుకున్నారు.

తక్కువ నెలలకు, తక్కువ బరువుతో పుట్టిన బిడ్డల విషయంలో ఈ జాగ్రత్త మరింత అవసరమని మేము చదువుకున్నాము. ఆ మాట మాకే వర్తించబోతున్నదని అప్పుడు తెలియదు. మా బాబు ఏప్రిల్ చివరి వారంలో, గడువుకు నాలుగు వారాల ముందే పుట్టాడు. బరువు రెండు కిలోల వంద గ్రాములు. రెండున్నర కిలోలకు తక్కువైతే తక్కువ బరువు బిడ్డగా లెక్క. తొమ్మిది రోజులు ఆసుపత్రిలో ఉంచారు. అల్లాహ్ దయవల్ల బాబు ఇంటికి వచ్చేనాటికి గది సిద్ధంగా ఉన్నది.

గట్టి పరుపు కుట్టిన చేతులు

ఆ సిద్ధపాటు ఎలా జరిగిందో చెబుతాము, అవసరమైన వారికి పనికివస్తుంది.

మంచం కొత్తది కొనలేదు. చుట్టూ కమ్మీలున్న వేపచెక్క మంచం ఒకటి బంధువుల ఇంట్లో అటక మీద ఉన్నది. రంగు పెచ్చులు లేచి ఉండడంతో వడ్రంగి చేత ఆ రంగంతా మా ఇంటికి దూరంగా, ఆరుబయట తీయించాము. పాత రంగుల్లో సీసం ఉండే అవకాశం ఉన్నది, పసిపిల్లలు పళ్ళు వచ్చే రోజుల్లో కమ్మీలను కొరుకుతారు. కొత్త రంగు వేయించలేదు, చెక్కను నునుపు చేయించి వదిలేశాము. కమ్మీల మధ్య దూరం ఆరు సెంటీమీటర్లకు మించకూడదు, అంతకు మించితే బిడ్డ ఒళ్ళు దూరి తల ఇరుక్కుపోతుంది. ఆ మంచానికి ఎడం ఎక్కువగా ఉన్నది. వడ్రంగి మధ్యలో ఒక్కొక్క కమ్మీ చేర్చి బిగించాడు.

పరుపు కోసం మా వీధి చివర ఉండే దూదేకుల పెద్దాయన దగ్గరికి వెళ్ళాము. ఏకు పట్టే విల్లు ఆయన తండ్రితోనే పోయింది, ఇప్పుడు దూదిని యంత్రమే ఏకుతుంది, కాని కుట్టేది మాత్రం ఆయన చేతులే. బిడ్డ పరుపు గట్టిగా ఉండాలన్నప్పుడు ఆయన నవ్వారు. "బాబూ, మెత్తగా కుట్టమని బతిమాలిన వాళ్ళనే యాభై ఏళ్ళుగా చూశాను. పసిబిడ్డకు గట్టి పరుపు అడిగినవాళ్ళు మీరే" అన్నారు. కారణం చెప్పాము. ముఖం బోర్లా పడినా పరుపు ముక్కుకు అంటుకుని ఊపిరి ఆపకూడదన్నాము. ఆయన ఆ తర్వాత ఏమీ అడగలేదు. లోపల కొబ్బరిపీచు పలక పెట్టి, పైన దూదిని పలచగా పరచి, అంగుళం అంగుళానికీ కుట్టు వేసి బిగించారు. అరచేత్తో అదిమి చేయి తీస్తే గుంట నిలవలేదు. మంచం చట్రానికీ పరుపుకూ మధ్య వేలు దూరనంత బిగువుగా కొలిచి కుట్టారు. కూలి తీసుకునేటప్పుడు, "దిండు కుట్టి ఇమ్మంటారా?" అని అలవాటుగా అడిగి, తానే తల అడ్డంగా ఊపి మళ్ళీ నవ్వారు.

మంచం వేయబోయే చోట గోడ మీద అద్దపు చట్రంలో ఆయతుల్ కుర్సీ ఉండేది. అది అక్కడే ఉంటే బిడ్డకు బరకతు అన్నారు నానమ్మ. అద్దం ఎంత బిగించినా అద్దమే గనుక, మేకు ఎప్పటికైనా మేకే గనుక, దానిని ఎదుటి గోడకు మార్చాము. ఇప్పుడది మా మంచం మీద కూర్చుంటే మరింత బాగా కనిపిస్తున్నది.

కిటికీ తెర తాడు అందకుండా పైకి ముడివేశాము. దోమతెరను మంచం చట్రానికి బిగించి కట్టాము, లోపలికి వేలాడకుండా. డెంగ్యూ దోమ పగలే కుడుతుంది గనుక పగలు కూడా తెర తీయలేదు. దోమల చుట్ట గదిలో నిషేధం. గోడగూటిని ఖాళీ చేసి లంగోటీలు, పాత నూలు చీరలు చింపి ఉతికి ఆరబెట్టిన గుడ్డలు, బాబు బట్టలు సర్దాము. తల్లి కూర్చున్న చోటి నుండి లేవకుండా చేయి చాస్తే అన్నీ అందాలి. మా మంచానికీ బాబు మంచానికీ మధ్య మూరకు మించి ఎడం వదిలాము. రాత్రి దీపంగా ఒక జీరో బల్బును నేలకు దగ్గరగా పెట్టాము. ఇంతే మా పిల్లల గది. దీనికి అయిన ఖర్చు వడ్రంగి కూలి, పరుపు, దోమతెర మాత్రమే.

పొగ, నిప్పు, నల్లదారం

మా ప్రాంతంలో బిడ్డకు నీళ్ళు పోయగానే నిప్పుల మీద సాంబ్రాణి వేసి ఆ పొగ పట్టడం ఆనవాయితీ. జుట్టు ఆరుతుందని, జలుబు చేయదని పెద్దలంటారు. నెలలు నిండని బిడ్డ ఊపిరితిత్తులు లేతవి, ఏ పొగ అయినా వాటికి కీడే. నిద్రపోయేటప్పుడు ఇళ్ళలో నిప్పును ఉంచవద్దని దైవప్రవక్త (స) హెచ్చరించారు. ఈ హదీసు నానమ్మకు కొత్త కాదు, చిన్ననాడు ఆమె తండ్రిగారే నేర్పారట. ఆమె తన చేతులతోనే కుంపటిని గది దాటించి పెరట్లో పెట్టారు. నూనె రాసే పని, నీళ్ళు పోసే పని ఆమెవే. మెత్తని గుడ్డతో తల తుడిచి ఒళ్ళో పడుకోబెట్టుకుంటే సాంబ్రాణి లోటు బాబుకు తెలియలేదు.

నల్లదారం సంగతి కూడా వచ్చింది. మెడలో, నడుముకు దారం కడితే దిష్టి తగలదని చూడవచ్చిన వారు చెప్పారు. మెడలో ఏ దారమైనా నిద్రలో బిగుసుకునే ప్రమాదమే. రక్షణ కోరవలసింది దారాన్ని కాదు, అల్లాహ్‌ను. దైవప్రవక్త (స) తన మనవలు హసన్, హుసైన్ (రజి)ల కోసం అల్లాహ్ శరణు వేడేవారు. అవే పదాలతో ఇబ్రాహీం (అలై) తన కుమారులు ఇస్మాయీల్, ఇస్‌హాఖ్‌ల కోసం వేడుకునేవారని కూడా చెప్పారు. మేమూ ప్రతి రాత్రి ఫలఖ్, నాస్ సూరాలు చదివి బాబును పడుకోబెడుతున్నాము.

చీర ఉయ్యాల మాత్రం హాలులో కట్టాము, పెద్దవాళ్ళ ముచ్చటను పూర్తిగా తీసివేయడం భావ్యం కాదు. బాబు కాస్త బరువెక్కాక, మెలకువగా ఉన్నప్పుడు, ఒకరు కళ్ళెదుట కూర్చుని ఉండగానే అందులో వేస్తాము. నిద్ర పట్టగానే తీసి తన మంచం మీద వెల్లకిలా పడుకోబెడతాము. చీరలో బిడ్డ మెడ ముందుకు ముడుచుకుంటుంది, చిన్న బిడ్డలకు దానివల్ల ఊపిరి ఇబ్బంది కలుగుతుంది.

ఎవరి రాత్రి ఎవరిది

ఆసుపత్రి నుండి పంపేటప్పుడు పిల్లల వైద్యులు ఒక మాట చెప్పారు. "ఈ బిడ్డకు మీ ఇద్దరి ఛాతీలే వెచ్చని గది" అన్నారు. బిడ్డను లంగోటీ, టోపీలతో ఉంచి, తల్లి లేదా తండ్రి ఛాతీకి ఒంటికి ఒళ్ళు తగిలేలా ఆనించి గుడ్డతో కట్టుకునే పద్ధతి అది. 1978లో కొలంబియా రాజధాని బొగోటాలో, పిల్లలను వెచ్చగా ఉంచే పెట్టెలు చాలని ఒక ఆసుపత్రిలో ఇది మొదలైంది. లేమిలో పుట్టిన ఆ ఉపాయాన్ని నేడు ప్రపంచ ఆరోగ్య సంస్థ తక్కువ బరువు బిడ్డలందరికీ సిఫారసు చేస్తున్నది. గుంటూరు మే నెల ఎండలో, నలభై డిగ్రీలు దాటిన పగళ్ళలో, బిడ్డకు వెచ్చదనమేమిటని చుట్టాలు ఆశ్చర్యపోయారు. నెలలు నిండని బిడ్డ తన ఒంటి వేడిని తాను నిలుపుకోలేడు. ఫ్యాను గాలి నేరుగా తగిలినా చల్లబడతాడు, దుప్పట్లు కప్పితే ఉడికిపోతాడు. తల్లిదండ్రుల ఒంటి వేడి ఆ రెంటి మధ్య సరైన కొలత.

ఈ పనికి గది మూలలో చేతులున్న పేము కుర్చీ ఒకటి వేశాము. ఆ కుర్చీకి ఒక నియమం పెట్టుకున్నాము. దానిలో బిడ్డతో కూర్చున్నవారికి నిద్ర రాకూడదు. కుర్చీలో, సోఫాలో బిడ్డను ఎత్తుకుని నిద్రపోవడం పెద్దల మంచం మీద పడుకోబెట్టుకోవడం కంటే కూడా ప్రమాదకరమైనది. అందుకని రాత్రి పాలు ఇచ్చే ప్రతిసారీ రెండోవారు కూడా లేవాలి. ఒకరు పాలిస్తారు. మరొకరు మంచినీళ్ళు అందిస్తారు, పాలు తాగాక భుజాన వేసుకుని త్రేన్పు తెప్పిస్తారు, లంగోటీ మారుస్తారు, పడుకోబెడతారు.

తెల్లవారితే కొట్టు తెరవవలసిన మగవాడు రాత్రి రెండింటికి లంగోటీలు మార్చడమేమిటని ఒక పెద్దమనిషి అన్నారు. దైవప్రవక్త (స) ఇంట్లో ఉన్నప్పుడు ఇంటివారి పనుల్లో ఉండేవారని, నమాజు వేళ కాగానే బయలుదేరేవారని హజ్రత్ ఆయిషా (రజి) సాక్ష్యం. మనవరాలు ఉమామాను ఎత్తుకుని ఆయన నమాజు చేశారు. నమాజులో ఉండగా పసిబిడ్డ ఏడుపు వినిపిస్తే తల్లి మనసు తల్లడిల్లుతుందని నమాజును క్లుప్తం చేసేవారు. ఆ ఏడుపుకు నమాజులోనే అంత విలువ దొరికితే మన నిద్రలో దానికి విలువ లేకుండా పోతుందా?

సూరయె బఖరా 233వ ఆయతులో తల్లులు రెండేళ్ళు నిండుగా పాలు పట్టే విషయం ఉన్నది. వారి తిండికీ బట్టకూ తండ్రి బాధ్యుడని ఉన్నది. బిడ్డ మూలంగా తల్లిని గాని తండ్రిని గాని కష్టపెట్టరాదని ఉన్నది. పాలు మాన్పించాలన్నా ఇద్దరూ సంప్రదించుకుని, ఇద్దరి ఇష్టంతో చేయాలని ఉన్నది. పాలు మాన్పించడానికే సంప్రదింపు కావలసి వస్తే, పాలు పట్టే రెండేళ్ళ రాత్రులకు సంప్రదింపు అక్కరలేదనడం ఎలా కుదురుతుంది? గది సర్దుకునే ముందు మేము చేసినది అదే. ఎవరు ఏ వైపు పడుకోవాలి, ఎవరు ఏ గంటకు లేవాలి, ఎవరికి ఎప్పుడు పూర్తి నిద్ర కావాలి అని కూర్చుని మాట్లాడుకున్నాము.

గదిని వదిలి వెళ్ళిన బిడ్డ

ఇంతవరకు గదిలోకి వచ్చిన బిడ్డ గురించి చెప్పాము. ఆ గదిలో నుండి వెళ్ళిన బిడ్డ ఒకరున్నారు.

పెద్దమ్మాయి పుట్టినప్పటి నుండి మా మధ్యనే పడుకున్నది. తమ్ముడు వచ్చిన రోజున ఆమెను హాలులోకి పంపితే, తన చోటు తమ్ముడు లాక్కున్నాడనే అనుకుంటుంది. అందుకే ప్రసవానికి రెండు నెలల ముందుగానే ఆ మార్పు చేయాలనుకున్నాము. నానమ్మ మంచం పక్కన ఆమెకు ఒక చిన్న మంచం, తానే ఎంచుకున్న పువ్వుల దుప్పటి, తలవైపు తన పుస్తకాలకు ఒక పెట్టె. బాబు తొందరపడి రావడంతో ఆ రెండు నెలలు ఒక నెలే అయ్యాయి. ఆ నెలలో ఆమె రెండు సార్లు అర్ధరాత్రి దిండు పట్టుకుని మా తలుపు దగ్గరికి వచ్చింది. ఆ రెండు రాత్రులూ మాలో ఒకరు వెళ్ళి హాలులో ఆమె పక్కనే నేల మీద పడుకున్నాము.

బాబును తెచ్చిన మూడో రోజున ఆమె తన తమ్ముడి మంచం కమ్మీలు పట్టుకుని నిలబడి అడిగింది: "తమ్ముడు పెద్దవాడయ్యాక ఈ గదిలో నుండి వెళ్ళిపోతాడు కదా, అప్పుడు నేను మళ్ళీ రావచ్చా?"

రావచ్చు అని చెప్పడం తేలిక. ఆ మాట నిలబెట్టుకోలేమని తెలుసు గనుక చెప్పలేదు. "ఈ గదిలో ఎవరూ ఎప్పటికీ ఉండరమ్మా. నువ్వు అయిదేళ్ళు ఉన్నావు. వాడు అన్నాళ్ళు ఉంటాడో లేదో. నీ మంచం మాత్రం నీదే, ఎవరికీ ఇవ్వము" అని చెప్పాము. ఆమె కొంచెంసేపు ఆలోచించి, "తమ్ముడి కంటే నేనే ఎక్కువ రోజులు ఉన్నాను" అని లెక్క తేల్చుకుని వెళ్ళింది.

ఒక కొడుకుకే కానుక ఇచ్చి దానికి సాక్షిగా ఉండమని వచ్చిన తండ్రికి దైవప్రవక్త (స) సాక్ష్యం నిరాకరించారు, సంతానం మధ్య న్యాయంగా ఉండమని హితవు చెప్పారు. నుఅమాన్ బిన్ బషీర్ (రజి) తెలిపిన ఈ హదీసును మనం ఆస్తి పంపకాలప్పుడు తలచుకుంటాము. చిన్నబిడ్డ వచ్చిన ఇంట్లో పంచవలసిన ఆస్తి తల్లిదండ్రుల సమయమే. ఇషా తర్వాత అరగంట పెద్దమ్మాయిది అని నిర్ణయించుకున్నాము. ఆ అరగంటలో తండ్రి ఆమె మంచం దగ్గరే ఉంటాడు, బాబు ఏడ్చినా నానమ్మ చూసుకుంటారు. ఉతికిన లంగోటీలు మడిచి గూటిలో పెట్టే అధికారం కూడా ఆమెదే. మరెవరైనా పెడితే ఊరుకోదు.

ఆమె గది మారడంతో మరొక పాఠం కూడా మొదలైంది. సూరయె నూర్ 58వ ఆయతు ప్రకారం యుక్తవయసు రాని పిల్లలు మూడు వేళల్లో అనుమతి అడిగి లోపలికి రావాలి: ఫజర్‌కు ముందు, మధ్యాహ్నం బట్టలు సడలించి విశ్రమించే వేళ, ఇషా తర్వాత. ఒకే మంచం మీద పడుకున్నంతకాలం ఈ ఆయతును నేర్పే అవకాశమే లేదు. ఇప్పుడు తలుపు తట్టి, సలాం చెప్పి, "రావచ్చా?" అని అడిగి వస్తున్నది. పాలిచ్చే తల్లికి ఆ ఒక్క క్షణం వ్యవధి ఎంత మర్యాదో ఆడవారికి వేరే చెప్పనక్కరలేదు. బిడ్డను చూడవచ్చే ఇరుగుపొరుగు కూడా అయిదేళ్ళ పిల్లను చూసి తలుపు దగ్గర ఆగడం నేర్చుకున్నారు.

ఇచ్చిన చోటు

నలభై రోజులకు బాబు బరువు మూడు కిలోలకు చేరింది. అల్‌హమ్దులిల్లాహ్! ఇల్లాలు గుసుల్ చేసి, రెండు మంచాల మధ్య ఉన్న ఆ కాస్త చోటులో జానమాజు పరిచారు. సజ్దాలో మోచేయి బాబు మంచం కోడుకు తగులుతుంది. ఒక్కొక్కప్పుడు ఆమె సలాం తిప్పేలోగా బాబు లేస్తాడు. ఆరేళ్ళు అదే గదిలో విశాలంగా, నిశ్శబ్దంగా చేసిన నమాజుకు ఇది సాటి వస్తుందా అని ఆమెను అడిగిన వారున్నారు. ఆమె జవాబు ఒక్కటే: ముందు చోటు తనకు సౌకర్యంగా ఉండేది, ఇప్పుడు ఆ చోటు మరొకరికి అవసరమైంది, అవసరమైన వారికి ఇచ్చినదాన్ని పోగొట్టుకున్నదిగా లెక్కించకూడదు.

ఏడేళ్ళకు పిల్లలకు నమాజు చెప్పమని, పదేళ్ళకు వారి పడకలు వేరు చేయమని హదీసులో ఉన్నది. అంటే మన గదిలో బిడ్డకు ఇచ్చే చోటు మొదటి నుండీ గడువుతో కూడినదే. సంతానం అమానతు. అమానతును దాచే చోటు భద్రంగా ఉండాలి, దానిని అప్పగించే రోజు గుర్తుండాలి. మా కంటే చిన్న గదులున్న ఇళ్ళు మనలో ఎన్నో ఉన్నాయి. మంచానికి చోటు లేకపోతే నేల మీద గట్టి పరుపు, దాని చుట్టూ పెద్దవారి దిండ్లు దుప్పట్లు చేరని ఎడం చాలు. కొనవలసిన వస్తువుల జాబితా రాసుకునే ముందు ఇంట్లోని ప్రతి ఒక్కరినీ కూర్చోబెట్టుకుని అడగండి: ఈ గదిలో మీరు దేనిని ముడుచుకోగలరు? మా ఇంట్లో ఒకరు నమాజు చోటును, ఒకరు నిద్రను, ఒకరు కుంపటిని, అయిదేళ్ళ పిల్ల తన పడకను ఇచ్చారు. ఆ నలుగురూ తలా కొంచెం ముడుచుకుంటే ఏర్పడిన ఏడు చదరపు అడుగులలో మూడు కిలోల ప్రాణం ఒకటి ఈ రాత్రి వెల్లకిలా పడుకుని, ఏ అడ్డూ లేకుండా ఊపిరి తీసుకుంటున్నది.

ప్రతి పసిబిడ్డ రాత్రినీ అల్లాహ్ క్షేమంగా తెల్లవారేలా చేయుగాక! ఆమీన్.